నకలు

చిత్తూరు కోర్టులో పంతొమ్మిదేళ్ళుగా
ఇతరుల నోళ్ళు నా వేళ్ళ మీదుగా పోతున్నాయి.
హత్యలు టైపు కొట్టాను, గట్టు తగాదాలు కొట్టాను.
ఏడుపుకి కీ లేదు గనక
"సాక్షి కొంతసేపు మాట్లాడలేకపోయినది" అని కొట్టాను.

ఆ రోజు పిలుపు మూడుసార్లు పడింది.
మానికల చెంగమ్మ.
మామిడి సొన కాల్చిన వేళ్ళు.
బోను కమ్మీ పట్టుకోవాలా వద్దా అని
డఫేదారు వైపు చూసింది.

జూన్ నెల. బంగారుపాళెం దాటినాక గుజ్జు ఫ్యాక్టరీ.
మూడు రోజులుగా తోతాపురి ట్రాక్టర్ల బారు,
ఎండ, కుళ్ళు, ఈగలు.
తూకం పక్కన డ్రమ్ములో నీళ్ళు. చెంబు ముంచింది.
కాంట్రాక్టరు ఆ మాట అన్నాడు.
తర్వాత రెండు కిలోల రాయి విసిరాడు.
రాయికి లెక్కుంది:
కనుబొమ మీద నాలుగు కుట్లు, డాక్టరు సంతకం.
మాటకి?

"ఏమన్నాడో అదే చెప్పమ్మా," అన్నారు జడ్జి సారు.
"అన్న మాట అన్నట్టే రికార్డులో ఉండాల."
ఆమె పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని
చెప్పింది.
మూడక్షరాలు. వెనక "దానా" అని తోక.
కొట్టాను.

ముద్దాయి వకీలు లేచాడు,
నెమ్మదస్తుడు, రోజూ నాకు నమస్కారం పెట్టే మనిషి.
ఎగ్జిబిట్ పి-4 పైకెత్తాడు.
తహసీల్దారు సీలు, ఆకుపచ్చ సిరా.
"ఇందులో ఉండేదీ అదే మాట కదమ్మా?
దీని కోసం మండలాఫీసు చుట్టూ తిరిగితివి కదా?
నీ కులం పేరు నీకు తిట్టెట్లయింది?"

వెనక బెంచీలో ఎవరో నవ్వు మింగారు.

"అయ్యా, అది రాసిచ్చినాయన
రాసి నా మొగాన ఉమ్మలా."

సారు కళ్ళజోడు తుడుచుకుని డిక్టేషన్ ఇచ్చారు:
"తిట్టు కాదనుట సరికాదని సాక్షి చెప్పినది."
ఉమ్మి రికార్డులోకి రాలేదు.

"అప్పుడాడ ఎవరెవరుండారు?"
"మా ఆడబిడ్డ పోలమ్మ, చిన్నాయన ఏకాంబరం, ఆయన బిడ్డలు..."
"మీవాళ్ళు కాకుండా? పబ్లిక్ ఎవరూ లేరా?"
"పదకొండు మందిమి ఉండాం సామీ."
"పబ్లిక్కమ్మా. పబ్లిక్."
లెక్క తప్పిందేమో అనుకుని
ఆమె మళ్ళీ వేళ్ళు మడిచింది.
"పదకొండే."

తీర్పు రెండేళ్ళకి, మార్చిలో.
గాయం రుజువైంది. వెయ్యి రూపాయల జరిమానా,
కోర్టు లేచేదాకా కూర్చునే శిక్ష.
మాట పబ్లిక్ ఎదుట అన్నట్టు రుజువు కాలేదు.
నలభై ఒక్క పేజీలు, ఒక్క అచ్చుతప్పు లేదు.
సారు మెచ్చుకున్నారు.

నకలు కోసం ఆమే వచ్చింది. చదువు రాదు.
"నేను చెప్పింది ఎట్లా రాసినావో చదువు తల్లీ."
చదివాను.
ఆ లైను దగ్గర, కరెంటు బిల్లు చదివినట్టు చదివాను.
ఆమె తలూపింది.
"బాగా చదివినావు.
వాడట్లా అన్లే."

ఎట్లా అన్నాడో నాకు తెలుసు.
మా చెరుకు గానుగ దగ్గర, పెనంలో బెల్లం పొంగే వేళ
మంట ఎగదోసే మనిషిని
మా నాయన అనేవాడు:
మొదటక్షరం పళ్ళ మధ్య నలిపి
చివరిది నేలకేసి కొట్టి.
ఆ కొట్టడం ఏ కీబోర్డులోనూ లేదు,
నా నాలిక కింద ఉంది.

నకలు నాలుగు మడతలు పెట్టి
రవికలో దోపుకుని
ఆమె పలమనేరు బస్సుకి పోయింది.

పబ్లిక్ ఎవరూ లేరా అని అడిగారు గదా.
గానుగ దగ్గర
చెరుకు నములుతా
నేనుండాను.